జీతంలోనే పన్ను కోత పడుతోంది. హైదరాబాద్ ఫ్లాటు అద్దెకు యూకేలో విడిగా రిటర్ను వేయాలా?

ప్రశ్న: రీడింగ్ వాసి

అందరికీ నమస్కారం. నేను 2022 జూన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండు వచ్చి రీడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 72,000 పౌండ్లు. ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ రెండూ కంపెనీయే నెలనెలా జీతంలో కోసి హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖకు) కడుతోంది. అందువల్ల ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నేను ఏ రిటర్నూ వేయలేదు, వేయమని నన్ను ఎవరూ అడగనూ లేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. మియాపూర్‌లో నా పేరు మీద ఒక ఫ్లాటు ఉంది. 2024 మార్చి వరకు అమ్మానాన్నలు అందులోనే ఉన్నారు. వాళ్లు విజయవాడకు మారిపోవడంతో ఆ ఏప్రిల్ నుంచి దాన్ని నెలకు 30,000 రూపాయల అద్దెకు ఇచ్చాము. అద్దె నాన్నగారి ఖాతాలో పడుతుంది, ఇంటి ఖర్చులకు ఆయనే వాడుకుంటారు. ఒక్క రూపాయి కూడా ఇంగ్లండుకు రాలేదు. ఫ్లాటు మీద గృహరుణం ఇంకా నడుస్తోంది, ఈఎంఐ నేను కడుతున్నాను. ఇవి కాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశీ సంపాదన దాచుకునే ప్రవాసుల ఖాతాలో) ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదని బ్యాంకువారు చెప్పారు.

ఆఫీసులో ఉన్న మనవాళ్లను అడిగితే తలో మాట చెప్పారు. ఇండియా డబ్బు ఇండియాలోనే ఉన్నంతకాలం ఇక్కడి ప్రభుత్వానికి దానితో పని లేదని ఒకరు అన్నారు. జీతం లక్ష పౌండ్లు దాటితేనే సెల్ఫ్ అసెస్‌మెంట్ (మన పన్ను మనమే లెక్కకట్టి రిటర్ను వేయడం) అని మరొకరు అన్నారు. అద్దె ఎంత చిన్నదైనా చూపించాల్సిందేనని ఇంకొకరు గట్టిగా చెప్పారు. 2024 ఏప్రిల్ 6 నుంచి 2025 ఏప్రిల్ 5 వరకు ఉన్న పన్ను సంవత్సరానికి నేను రిటర్ను వేయాలా? వేయాలంటే ఎప్పటిలోగా వేయాలి? అంతకు ముందరి రెండేళ్ల సంగతి ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: పద్దు పుస్తకం

రీడింగ్ వాసి గారికి నమస్కారం. నేను లండన్‌లో వ్యక్తిగత పన్నుల పని చేస్తాను. మీకున్న సందేహం నా దగ్గరకు వచ్చే తెలుగు ఉద్యోగుల్లో చాలామందికి ఉంటుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ముందుగా సూటి జవాబు చెబుతాను: వేయాలి. మీరు ఇప్పటివరకు హెచ్‌ఎమ్‌ఆర్‌సీలో సెల్ఫ్ అసెస్‌మెంట్ కోసం నమోదు చేసుకోలేదు కాబట్టి, ఆ నమోదుకు గడువు ఈ 2025 అక్టోబరు 5. అంటే మీ చేతిలో ఉన్నది కొద్ది రోజులే.

ఇక కారణం చెబుతాను. ఈ దేశంలో ఉద్యోగుల్లో అత్యధికులు రిటర్ను వేయనక్కర్లేదన్నది నిజమే. యజమాని జీతంలో కోసే పద్ధతిలోనే వారి పన్ను పూర్తిగా తేలిపోతుంది. అయితే అది ఆ జీతం వరకే తేలుతుంది. యజమాని కంటపడని ఆదాయం ఏదైనా ఉండి, దాని మీద ఇక్కడ పన్ను పడేటట్లయితే, ఆ సంగతి హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి చెప్పవలసిన బాధ్యత చట్టప్రకారం మీదే. వారు ఉత్తరం రాయలేదనీ, ఎవరూ అడగలేదనీ చెప్పడం అక్కడ జవాబుగా చెల్లదు. కాబట్టి జీతం ఎంత అన్నదాని కంటే జీతం పక్కన ఇంకేముంది అన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న.

మీ మిత్రులు చెప్పిన మూడు మాటలూ ఎక్కడో ఒకచోట పుట్టినవే, కానీ మూడింటిలోనూ లోపం ఉంది.

మొదటిది, ఇండియా డబ్బు ఇండియాలోనే ఉంటే పన్ను లేదన్న మాట. యూకే నివాసి అయిన వ్యక్తి సాధారణంగా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ పన్నుకు లోబడతాడు. అయితే ఇక్కడ డొమిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత స్వస్థలం) లేనివారికి 2025 ఏప్రిల్ 5 వరకు రెమిటెన్స్ బేసిస్ అనే వెసులుబాటు ఉండేది. విదేశీ ఆదాయాన్ని ఇక్కడికి తెచ్చుకుంటేనే పన్ను పడే పద్ధతి అది. అలా తేకుండా ఉంచిన విదేశీ ఆదాయం, లాభాలు కలిపి ఏడాదికి 2,000 పౌండ్ల లోపు ఉంటే ఆ వెసులుబాటు దానంతట అదే వర్తించేది, రిటర్ను కూడా అవసరం లేకపోయేది. మనవాళ్లలో ఇండియా డబ్బుకు లెక్క చెప్పనక్కర్లేదన్న నమ్మకం స్థిరపడటానికి చాలావరకు ఇదే కారణం. మీకు 2022-23లోనూ, 2023-24లోనూ ఇండియా నుంచి వచ్చింది డిపాజిట్ వడ్డీ మాత్రమే అయి, అది 2,000 పౌండ్ల లోపే ఉండి, ఇక్కడికి రాకపోతే ఆ రెండేళ్లకు మీరు చేయవలసింది ఏమీ లేదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

2024-25లో అద్దె కలిసింది. అద్దె, వడ్డీ కలిపితే 2,000 పౌండ్లు దాటిపోతాయి. దాటిన తరువాత రెమిటెన్స్ బేసిస్ కావాలంటే రిటర్నులోనే కోరుకోవాలి. కోరుకుంటే 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్, అంటే పన్ను పడని తొలి మొత్తం, వదులుకోవాలి. మీరు 40 శాతం స్లాబులో ఉన్నారు కనుక ఆ ఒక్క నష్టమే 5,028 పౌండ్లు. మూడు వేల పౌండ్ల అద్దె మీద పన్ను తప్పించుకోవడానికి అంత వదులుకోవడంలో అర్థం లేదు.

రెండవది, లక్ష పౌండ్ల మాట. ఒకప్పుడు అది సరైనదే. 2022-23 వరకు పన్ను పడే ఆదాయం లక్ష పౌండ్లు దాటితే ఉద్యోగి అయినా రిటర్ను వేయవలసి వచ్చేది. 2023-24కు ఆ హద్దును 1,50,000కు పెంచారు. 2024-25 నుంచి జీతం ఎంత ఉన్నా, కేవలం ఆ కారణంగా రిటర్ను అక్కర్లేదని దాన్ని ఎత్తివేశారు. పాత హద్దు ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దాన్ని నమ్మి, జీతం తక్కువ కదా అని అద్దెలు చూపించనివారున్నారు, అనవసరంగా రిటర్నులు వేస్తున్నవారూ ఉన్నారు.

మూడవది నిజానికి దగ్గరగా ఉంది కానీ పూర్తిగా నిజం కాదు. ఏడాది మొత్తం అద్దె, ఖర్చులు తీయకముందే, 1,000 పౌండ్ల లోపు ఉంటే ప్రాపర్టీ అలవెన్స్ కింద పన్ను పడదు, మామూలుగా చెప్పనక్కర్లేదు కూడా. విదేశంలోని ఇంటికీ ఈ సౌకర్యం ఉంది. మీ అద్దె దానికి మూడు రెట్లకు పైగా ఉంది.

అద్దె నాన్నగారి ఖాతాలో పడటం గురించి ఒక మాట. ఫ్లాటు మీ పేరు మీద ఉంది, రుణం మీరు కడుతున్నారు, అద్దె మీద హక్కు మీది. ఆ డబ్బును మీరు తల్లిదండ్రుల పోషణకు ఇవ్వడం మంచి పనే, కానీ పన్ను లెక్కలో ముందు అది మీ ఆదాయం, ఆ తరువాతే మీరు వారికి ఇచ్చినది అవుతుంది. ఖాతా ఎవరిదన్నదాన్ని బట్టి ఇది మారదు.

జవాబు: లీడ్స్ డాక్టర్

పద్దు పుస్తకం గారు చెప్పిన లక్ష పౌండ్ల విషయానికి నా వైపు నుంచి కొంత చేరుస్తాను. నేను ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీలు, ఆన్‌కాల్స్ కలిపితే నా ఆదాయం లక్ష దాటుతుంది. హద్దు ఎత్తివేశారని విని మా సహోద్యోగులు కొందరు ఇక రిటర్ను పని లేదనుకున్నారు. కానీ అంతకు ముందు ఏళ్లలో రిటర్ను వేసి ఉండటం వల్ల హెచ్‌ఎమ్‌ఆర్‌సీ నుంచి వారికి రిటర్ను వేయమని నోటీసు వచ్చింది. నోటీసు వచ్చిందంటే, కట్టవలసిన పన్ను సున్నా అయినా, రిటర్ను వేసి తీరాలి. లేదా తమకు ఇప్పుడు ఆ అవసరం లేదని హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి చెప్పి నోటీసును ఉపసంహరింపజేసుకోవాలి. ఆ రెండింటిలో ఏదీ చేయకుండా ఊరుకుంటే జనవరి 31 దాటగానే 100 పౌండ్ల జరిమానా పడుతుంది. పన్ను బాకీ లేకపోయినా పడుతుంది.

రిటర్ను అక్కర్లేనంత మాత్రాన పన్ను లెక్క సరిగా ఉందని అనుకోకూడదు. లక్ష దాటిన ప్రతి రెండు పౌండ్లకు ఒక పౌండు చొప్పున పర్సనల్ అలవెన్స్ తగ్గుతూ 1,25,140 దగ్గర పూర్తిగా పోతుంది. ఆ మధ్యలో సంపాదించిన ప్రతి పౌండు మీదా నికరంగా 60 శాతం పన్ను పడినట్లవుతుంది. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ మన ఆదాయాన్ని అంచనా వేసి టాక్స్ కోడ్‌లో (జీతంలో ఎంత పన్ను కోయాలో యజమానికి చెప్పే సంకేతంలో) ఈ తగ్గింపును సర్దుతుంది. ఆ అంచనా చాలాసార్లు నిరుటి లెక్క మీద ఆధారపడి ఉంటుంది. అందుకని ప్రతి ఏప్రిల్‌లోనూ ఆన్‌లైన్ పర్సనల్ టాక్స్ ఖాతా తెరిచి, అక్కడ వారు వేసుకున్న ఆదాయాన్ని మన జీతపు చీటీతో పోల్చి చూసుకోవడం మంచిది. ఇండియా వడ్డీ ఉన్నవారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. సేవింగ్స్ అలవెన్స్ కింద పన్ను పడని వడ్డీ కూడా ఈ లక్ష లెక్కలో కలుస్తుంది.

ఉద్యోగం కోసం మనం సొంతంగా పెట్టే ఖర్చుల సంగతీ ఉంది. డాక్టర్లు జీఎంసీ (వైద్యుల నమోదు మండలి) ఫీజు, రాయల్ కాలేజీ సభ్యత్వం, వైద్య రక్షణ సంస్థల చందా వంటివి ఏటా కడతారు. ఇవి 2,500 పౌండ్ల లోపు ఉంటే రిటర్ను లేకుండానే పీ87 అనే ఫారం ద్వారా ఉపశమనం అడగవచ్చు. అంతకు మించితే సెల్ఫ్ అసెస్‌మెంటే మార్గం. ఆసుపత్రి స్టాఫ్ బ్యాంకు (అదనపు షిఫ్టులకు పిలిచే సిబ్బంది జాబితా) ద్వారా చేసే అదనపు షిఫ్టులకు జీతంలాగే కోత పడుతుంది కనుక వాటి కోసం రిటర్ను వేయనక్కర్లేదు. న్యాయవాదుల కోసం రిపోర్టులు రాయడం, ప్రైవేటుగా రోగులను చూడటం వంటి వాటి మొత్తం రాబడి ఏడాదికి 1,000 పౌండ్లు దాటితే మాత్రం అది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, అప్పుడు రిటర్ను తప్పదు.

రీడింగ్ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాన్నగారి ఖాతా గురించి చెప్పినది నేను ఊహించలేదు, కానీ ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. నమోదు ఈ వారమే చేస్తాను.

అంకెలు కూడా ఇస్తున్నాను, లెక్క ఎలా వేయాలో చెప్పగలరా? ఏడాది అద్దె 3,60,000 రూపాయలు. అసోసియేషన్ మెయింటెనెన్స్ మేమే కడతాం, ఏడాదికి 36,000. ఇంటిపన్ను 9,000. గీజరు, వంటింటి పంపు మరమ్మతులకు 9,000. గృహరుణం మీద ఆ ఏడాది వడ్డీ 2,40,000, అసలు కింద వేరే కట్టాను. డిపాజిట్ వడ్డీ 75,600. ఇక్కడి బ్యాంకుల్లో నాకు చెప్పుకోదగ్గ వడ్డీ లేదు. ఇండియాలో అద్దె ఆదాయంలో 30 శాతం నేరుగా తీసేస్తారు కదా, ఇక్కడ కూడా అలాగే చేయవచ్చా? అద్దెకున్నవారు టీడీఎస్ కోయడం లేదు. ఇండియాలో పన్ను కడితే ఇక్కడ మళ్లీ కట్టనక్కర్లేదని కూడా విన్నాను.

జవాబు: పద్దు పుస్తకం

మీ అంకెలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి లెక్క చేసి చూపిస్తాను. హెచ్‌ఎమ్‌ఆర్‌సీ నెలవారీ, వార్షిక సగటు మారకపు రేట్లు ప్రకటిస్తుంది. రిటర్ను వేసేటప్పుడు ఆ ఏడాది సగటు తీసుకుని, ఏది తీసుకున్నారో రాసి పెట్టుకోండి. ఇక్కడ సులువు కోసం పౌండుకు 108 రూపాయలు అనుకుందాం.

అద్దె 3,333 పౌండ్లు. మెయింటెనెన్స్, ఇంటిపన్ను, మరమ్మతులు కలిపి 54,000 రూపాయలు, అంటే 500 పౌండ్లు. ఇవన్నీ తీసివేయదగ్గ ఖర్చులే. మిగిలిన లాభం 2,833 పౌండ్లు. ఇండియాలో ఇచ్చే 30 శాతం తగ్గింపు ఇక్కడి చట్టంలో లేదు, నిజంగా పెట్టిన ఖర్చులే తీయాలి. ఇండియా రిటర్నులో కనిపించే అద్దె ఆదాయాన్ని తెచ్చి ఇక్కడి రిటర్నులో రాయడం చాలామంది చేసే పని. అది తప్పు లెక్క అవుతుంది. ఇక్కడి లెక్క మొదటి నుంచి ఇక్కడి నిబంధనల ప్రకారమే కట్టాలి.

గృహరుణం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నివాస గృహాల రుణ వడ్డీని ఇప్పుడు అద్దె నుంచి ఖర్చుగా తీయనివ్వరు. దానికి బదులు వడ్డీలో 20 శాతాన్ని కట్టవలసిన పన్నులోంచి తగ్గిస్తారు. విదేశంలో ఉన్న ఇంటికీ ఇదే నియమం. అసలు కింద కట్టినదానికి ఏమీ రాదు. కాబట్టి బ్యాంకు నుంచి వడ్డీ, అసలు వేరువేరుగా చూపే పత్రం తెప్పించుకోండి. ఇండియా బ్యాంకులు దాన్ని ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇస్తాయి, ఇక్కడి ఏడాదికి దాదాపుగా సరిపోతుంది.

మీ లాభం 2,833 మీద 40 శాతం చొప్పున పన్ను 1,133 పౌండ్లు. రుణ వడ్డీ 2,40,000 రూపాయలంటే 2,222 పౌండ్లు, అందులో 20 శాతం 444. తేడా 689 పౌండ్లు. ఇది అద్దె మీద పన్ను.

ఇక్కడ మరో దారి కూడా ఉంది, పోల్చి చూడాలి. నిజంగా పెట్టిన ఖర్చులు వదిలేసి 1,000 పౌండ్ల ప్రాపర్టీ అలవెన్స్‌ను మొత్తంగా తీసుకోవచ్చు. అప్పుడు లాభం 2,333, దాని మీద పన్ను 933 పౌండ్లు. చూడటానికి వెయ్యి తీయడం ఐదు వందలు తీయడం కంటే మేలనిపిస్తుంది. కానీ ఆ అలవెన్స్ తీసుకుంటే రుణ వడ్డీ మీద వచ్చే 20 శాతం తగ్గింపు పోతుంది. అందుకే మీకు నిజంగా పెట్టిన ఖర్చులు తీసే దారే లాభం. రుణం తీరిపోయిన ఏడాది లెక్క తిరగబడుతుంది, అప్పుడు అలవెన్స్ మేలు. ఏ ఏటికాయేడు ఎంచుకోవచ్చు.

డిపాజిట్ వడ్డీ 75,600 రూపాయలు, అంటే 700 పౌండ్లు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను మినహాయింపు ఉన్నమాట నిజమే, ఆ మినహాయింపు ఇండియా చట్టం ఇచ్చినది. ఇక్కడి చట్టానికి అది మామూలు విదేశీ వడ్డీయే. పీపీఎఫ్ వడ్డీ విషయమూ అంతే. 40 శాతం స్లాబులో ఉన్నవారికి సేవింగ్స్ అలవెన్స్ 500 పౌండ్లు కనుక, మిగిలిన 200 మీద 80 పౌండ్ల పన్ను పడుతుంది.

అన్నీ కలిపి 769 పౌండ్లు. ఈ మొత్తం 1,000 పౌండ్లకు లోపు ఉంది కాబట్టి వచ్చే ఏడాదికి ముందస్తు వాయిదాలు కట్టమని అడగరు. ఆన్‌లైన్ రిటర్నుకూ, పన్ను చెల్లింపుకూ గడువు 2026 జనవరి 31. అయితే బాకీ 3,000 పౌండ్ల లోపు ఉన్న ఉద్యోగులు డిసెంబరు 30లోగా రిటర్ను వేస్తే ఆ మొత్తాన్ని టాక్స్ కోడ్ మార్చి 2026-27 జీతంలో నెలనెలా కొంచెంగా కోసుకుంటారు. ఒక్కసారి చెల్లించడం భారమనిపిస్తే ఆ దారి వాడుకోండి.

ఇక ద్వంద్వ పన్ను. ఇండియా, యూకేల మధ్య 1993లో కుదిరిన ఒప్పందం ప్రకారం స్థిరాస్తి మీద వచ్చే ఆదాయానికి ఆస్తి ఉన్న దేశం పన్ను వేయవచ్చు. నివాసి కనుక యూకే కూడా వేస్తుంది, కానీ ఇండియాలో పడిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఇస్తుంది. రెండు దేశాల పన్నుల్లో ఏది తక్కువైతే అంతవరకే ఆ క్రెడిట్. అక్కడ కట్టాం కాబట్టి ఇక్కడ చూపనక్కర్లేదని ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు. క్రెడిట్ అడగాలన్నా రిటర్నులోని విదేశీ ఆదాయపు పేజీల్లోనే అడగాలి. మీ విషయంలో ఇంటిపన్ను, 30 శాతం తగ్గింపు, రుణ వడ్డీ తీసేశాక ఇండియాలో మిగిలేది దాదాపు ఏమీ లేదు, అక్కడ పన్ను సున్నా. కనుక ఇక్కడ క్రెడిట్ కూడా సున్నా, 769 పౌండ్లూ కట్టాలి.

మీకు తెలియవలసినది ఇంకొకటి ఉంది. ఇంటి యజమాని ప్రవాస భారతీయుడైనప్పుడు అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్నవారు 30 శాతం, దాని మీద సెస్ కలిపి 31.2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇది వారి బాధ్యతే అయినా యజమాని ప్రవాసి అని వారికి తెలియకపోతే చిక్కు వారి మెడకు చుట్టుకుంటుంది. నాన్నగారితో చెప్పి అద్దె ఒప్పందంలో మీ ప్రవాస హోదా రాయించండి, అద్దెను మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (ఇండియాలో వచ్చే ఆదాయానికి ప్రవాసులు వాడే ఖాతాలోకి) మళ్లించండి. అక్కడి నుంచి నాన్నగారికి మీరే పంపవచ్చు. టీడీఎస్ కోత మొదలయ్యాక, ఆ కోసిన మొత్తాన్ని ఇక్కడ క్రెడిట్‌గా అడగకండి. ఇండియాలో రిటర్ను వేస్తే తిరిగి వచ్చే సొమ్ము అది. ఇక్కడ క్రెడిట్ ఇచ్చేది అక్కడ చివరికి తేలిన పన్నుకు మాత్రమే. ఎన్‌ఆర్‌ఓ వడ్డీకీ ఇలాంటి పరిమితే ఉంది. బ్యాంకు 30 శాతం కోసినా, ఒప్పందంలో వడ్డీకి ఉన్న హద్దు 15 శాతం కనుక ఇక్కడ అంతవరకే గుర్తిస్తారు.

జవాబు: క్రాయిడన్ నాన్న

మంచి చర్చ. స్థిరనివాస హక్కు వచ్చినవారి కోసం ఒక విషయం చేర్చాలనిపించింది. వీసా మీద ఉన్నవారికి ప్రభుత్వ నిధులు తీసుకునే హక్కు ఉండదు కనుక చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యం) సంగతి సాధారణంగా రాదు. ఐఎల్‌ఆర్, అంటే ఆ స్థిరనివాస హక్కు, వచ్చాక చాలామంది దాన్ని తీసుకుంటారు, మేమూ తీసుకుంటున్నాం. భార్యాభర్తల్లో ఎవరి ఆదాయమైనా 60,000 పౌండ్లు దాటితే, దాటిన ప్రతి 200 పౌండ్లకు ఆ బెనిఫిట్‌లో ఒక శాతం చొప్పున తిరిగి కట్టాలి. 80,000 దగ్గర మొత్తం తిరిగి ఇచ్చినట్లవుతుంది. 2023-24 వరకు ఈ హద్దు 50,000గా ఉండేది. బెనిఫిట్ నా భార్య ఖాతాలో పడినా, ఎక్కువ సంపాదించేది నేను కనుక ఇలా తిరిగి కట్టే ఛార్జీ బాధ్యత నాదే.

చాలామంది గమనించనిది ఏమిటంటే, ఆ 60,000 జీతం ఒక్కదాని లెక్క కాదు. ఇండియా అద్దె లాభం, వడ్డీ అన్నీ అందులో కలుస్తాయి. నా జీతం 58,500. జీతం చూస్తే హద్దు లోపే ఉన్నాను. వరంగల్‌లోని ఇంటి అద్దె, డిపాజిట్ వడ్డీ కలిపితే 61,000 దాటుతాను. ఇప్పుడు 2025లో ఈ ఛార్జీని టాక్స్ కోడ్ ద్వారా జీతంలోనే కట్టే ఏర్పాటు తెచ్చారు, కానీ అది రిటర్ను వేయడానికి వేరే కారణం లేనివారికే. నాలాగా అద్దె ఉన్నవారు ఎలాగూ రిటర్ను వేయాలి కాబట్టి అందులోనే చూపాలి. పెన్షన్‌కు అదనంగా కడితే ఈ ఆదాయపు లెక్క తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోదగ్గది.

రీడింగ్ వాసి

పద్దు పుస్తకం గారూ, ఇంత ఓపికగా లెక్క కట్టి చూపినందుకు చాలా కృతజ్ఞుణ్ణి. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. కొత్తగా వచ్చినవారికి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను లేకుండా ఏదో పథకం వచ్చిందంటున్నారు, అది నాకు వర్తిస్తుందా? ఇంకొకటి, అక్టోబరు 5 దాటాక నమోదు చేసుకున్నవారి పరిస్థితి ఏమిటి? నా స్నేహితుడొకడు నాలాంటి స్థితిలోనే ఉన్నాడు, అతను కదిలేట్టు లేడు.

జవాబు: పద్దు పుస్తకం

మొదటిది: 2025 ఏప్రిల్ 6 నుంచి రెమిటెన్స్ బేసిస్‌ను తీసేశారు. దానితోపాటు 2,000 పౌండ్ల లోపువారికి ఉన్న వెసులుబాటూ పోయింది. దాని స్థానంలో, అంతకు ముందు వరుసగా పదేళ్లు యూకే నివాసి కానివారికి, ఇక్కడ నివాసం మొదలైన మొదటి నాలుగు పన్ను సంవత్సరాలకు విదేశీ ఆదాయం, లాభాల మీద పన్ను లేని పద్ధతి తెచ్చారు. ఆ డబ్బును ఇక్కడికి తెచ్చుకున్నా పన్ను ఉండదు, అది పాతదానికంటే ఉదారమే. మీరు 2022లో వచ్చారు కాబట్టి మీ నాలుగో ఏడు 2025-26. ఆ ఒక్క ఏడాదికి మీకు అర్హత ఉంది. అయితే దీన్ని కూడా రిటర్నులోనే కోరుకోవాలి, కోరుకున్న ఏడాది పర్సనల్ అలవెన్స్ పోతుంది. పైన చెప్పిన లెక్కే మళ్లీ: 769 కోసం 5,028 వదులుకోకూడదు. ఆ ఏడాది ఇండియాలో స్థలం అమ్మి పెద్ద లాభం వచ్చినవారికి మాత్రం ఇది ఎంతో విలువైనది. అలాంటి ఆలోచన ఉంటే 2026 ఏప్రిల్ 5 లోపు ఒకరిని కలిసి మాట్లాడండి.

రెండవది, మీ స్నేహితుని సంగతి. అక్టోబరు 5 దాటినా నమోదు చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. నమోదు ఆలస్యానికి పడే జరిమానాను, ఆ ఆలస్యం వల్ల జనవరి 31 నాటికి కట్టకుండా మిగిలిన పన్నును బట్టి లెక్కిస్తారు. ఆ తేదీలోగా పన్ను మొత్తం కట్టేస్తే ఆ జరిమానాకు ఆధారమే ఉండదు. ఆలస్యమైందని భయపడి ఊరుకోవడమే నష్టం. రిటర్ను గడువు దాటితే వెంటనే 100 పౌండ్లు, మూడు నెలల తరువాత రోజుకు 10 చొప్పున 900 వరకు, ఆరు నెలలకూ పన్నెండు నెలలకూ పన్నులో 5 శాతమో 300 పౌండ్లో ఏది ఎక్కువైతే అది చేరుతూ పోతాయి. ఆలస్యపు చెల్లింపు మీద వడ్డీ, జరిమానాలు వేరు.

తెలియకుండా పోతుందని మీ స్నేహితుడు అనుకుంటుంటే ఆయన ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచిన రోజును గుర్తు చేయండి. ఏ దేశంలో పన్ను నివాసివో, అక్కడి పన్ను సంఖ్య ఏమిటో చెప్పమని బ్యాంకు ఒక స్వీయ ప్రకటన పత్రం నింపించుకుని ఉంటుంది. మనవాళ్లు అక్కడ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు రాస్తారు. ఆ వివరాలు ఖాతా నిల్వ, వడ్డీలతో సహా ఏటా ఇండియా ప్రభుత్వం ద్వారా హెచ్‌ఎమ్‌ఆర్‌సీకి చేరతాయి. రెండు దేశాలూ 2017 నుంచి ఈ మార్పిడిలో ఉన్నాయి. ఆ వివరాలు చూసి హెచ్‌ఎమ్‌ఆర్‌సీ ఉత్తరాలు రాస్తుంది, నేను వాటిని ఏటా చూస్తున్నాను. ఉత్తరం రాకముందు తనంతట తాను చెప్పినవారికీ, వచ్చాక చెప్పినవారికీ జరిమానాలో చాలా తేడా ఉంటుంది. గత సంవత్సరాల విదేశీ ఆదాయం చూపనివారి కోసం ప్రత్యేకంగా ఒక స్వచ్ఛంద వెల్లడి మార్గం కూడా ఉంది. అందులో నమోదైన 90 రోజుల్లో లెక్క చెప్పి పన్ను కట్టాలి. మీ స్నేహితునికి పాత ఏళ్ల అద్దె కూడా ఉంటే ఆ దారిలో వెళ్లమనండి.

మీరు నమోదు చేసుకోగానే పది అంకెల యూటీఆర్ (మీ పన్ను సంఖ్య) పోస్టులో వస్తుంది, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ లోపు పీ60 (ఏడాది జీతం, పన్ను కోత చూపే పత్రం), కంపెనీ ఇచ్చి ఉంటే పీ11డీ (జీతం కాక ఇచ్చిన సౌకర్యాల పత్రం), అద్దె జమ అయిన నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంటు, మెయింటెనెన్స్ రసీదులు, ఇంటిపన్ను రసీదు, రుణ వడ్డీ పత్రం, డిపాజిట్ వడ్డీ పత్రం ఒకచోట పెట్టుకోండి. అద్దె ఆదాయం ఉన్నవారు ఈ కాగితాలను రిటర్ను గడువు తరువాత ఐదేళ్ల పాటు, అంటే మీ విషయంలో 2031 జనవరి 31 వరకు దాచాలి. గీజరు బాగుచేసినవాడు రసీదు ఇవ్వకపోతే, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాన్ని ఇప్పుడే నాన్నగారి దగ్గర తీసుకుని పెట్టుకోండి.